కుక్క ఉన్నవాళ్లకు ఇల్లు అద్దెకివ్వచ్చా? అయిదు పోర్షన్ల ఓనర్‌గా నా అనుభవం

మీరు అడిగింది ఇది. ఉప్పల్ దగ్గర సొంతిల్లు, కింద మీరుంటున్నారు. పైన డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్ రెండు నెలలుగా ఖాళీ. ఒక జంట వచ్చారు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్, అద్దె దగ్గర బేరం కూడా ఆడలేదు. కాకపోతే మూడేళ్ల లాబ్రడార్ ఉంది. మీ అత్తగారు ససేమిరా అంటున్నారు. బ్రోకరేమో నెలకు మూడువేలు ఎక్కువ అడిగి ఇచ్చెయ్యమంటున్నాడు. ఇవ్వాలా, వద్దా?

ఇవ్వండి. ఆ మూడువేలు మాత్రం తీసుకోకండి. ఇచ్చే ముందు కుక్కను కాదు, ఆ ఇద్దరూ పొద్దున ఎన్నింటికి వెళ్లి రాత్రి ఎన్నింటికి వస్తారో చూడండి. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మల్కాజిగిరిలో మా ఇల్లు గ్రౌండ్ ప్లస్ టూ, అయిదు పోర్షన్లు. 2006 నుంచి అద్దెల వ్యవహారం నేనే చూసుకుంటున్నాను. మొదటి అయిదారేళ్లు మా గేటుకు వేలాడే టులెట్ బోర్డు కింద ‘పెంపుడు జంతువులకు అనుమతి లేదు’ అని మా మావగారి దస్తూరీలో రాసి ఉండేది. ఆ బోర్డు ఉన్న రోజుల్లోనే మా రెండో అంతస్తులో ఒక పొమేరియన్ ఏడు నెలలు కాపురం ఉంది. నాకు తెలియదు.

తెలిసిందెలా అంటే, కింది పోర్షన్‌లో ఉండే ఆవిడ బాల్కనీలో ఆరేసిన బట్టలు వాసన వస్తున్నాయని గొడవ పెట్టింది. పైపు లీకేమోనని ప్లంబర్‌ను పంపాను. అతను అయిదు నిమిషాల్లో దిగొచ్చి, ‘పైపు బాగానే ఉందమ్మా, పైన కుక్కుంది’ అన్నాడు. పాపం వాళ్లు చెడ్డవాళ్లు కాదు. కుక్క ఉందంటే ఎవరూ ఇల్లివ్వక, పదిచోట్ల తిరిగి తిరిగి చివరకు మా దగ్గర దాచిపెట్టారు. నేను చూస్తానని దాన్ని కిందికే దింపలేదు. పాసు, దొడ్డికి అన్నీ బాల్కనీలోనే. మొరగకుండా తలుపులన్నీ మూసి, టీవీ పెద్దగా పెట్టేవాళ్లు. బయట తిప్పి ఉంటే ఆ బాల్కనీకి ఏమీ అయ్యేది కాదు. అంటే నా బోర్డు కుక్కను ఆపలేదు, దాని విషయం నాకు చెప్పడాన్ని ఆపింది. ఆ ఏడాదే బోర్డు మార్చాను.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. వద్దనడానికి కారణం ఏమిటో ఆమెనే నెమ్మదిగా అడగండి. నేను చూసినంతలో ఈ ‘వద్దు’ వెనక నాలుగైదు వేర్వేరు సంగతులుంటాయి. కరుస్తుందని భయం ఒకటి. మడి, పూజగది, తులసికోట ఇంకొకటి. పొద్దున్నే వేసిన ముగ్గు తొక్కేస్తుందని మా అత్తగారు గొణిగేవారు. నిజంగానే తొక్కింది, నాలుగు రోజుల తర్వాత ఆవిడే ముగ్గును రెండడుగులు పక్కకు జరిపి వేయడం మొదలుపెట్టారు. కొన్ని ఇళ్లలో అసలు అభ్యంతరం కుక్క మీద కాదు, దానికి చికెన్ ఉడకబెడతారేమో అన్నదాని మీద. ఆ మాట పైకి అనలేక కుక్క పేరు చెప్తారు. మీ ఇంట్లో అదే అయితే లాబ్రడార్‌ను కాదన్నంత మాత్రాన తేలదు, రేపు వచ్చేవాళ్లు చేపల పులుసు పెడతారు. భయమైతే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పెద్దావిడ, ఒకే మెట్లు, మోకాళ్ల నొప్పులు, ముప్పై కిలోల కుక్క సంతోషంతో ఎగిరినా పడిపోవచ్చు. లాబ్రడార్ కరిచిందన్న ఫిర్యాదు మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు గానీ, తోకతో స్టూలు మీది గ్లాసులు పడగొట్టిందన్న ఫిర్యాదు వచ్చింది.

చట్టం దగ్గర చాలామంది రెండు విషయాలు కలిపేస్తారు. ‘పెట్స్ వద్దనడానికి మీకు హక్కు లేదు’ అని ఆ అబ్బాయి మీతో అంటే కంగారుపడకండి. అది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల గురించిన మాట. కేంద్రం కింద ఉండే జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ ఓటు వేసినా సరే, అసోసియేషన్ కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్ట్ ఎక్కనివ్వం అనకూడదు. 2021లో కేరళ హైకోర్టు కూడా అసోసియేషన్లు రాసుకునే అలాంటి నియమాలు (బైలాస్) చెల్లవని చెప్పింది. ఇంటి ఓనర్‌కు ఇది వర్తించదు. మీ ఇల్లు ఎవరికివ్వాలన్నది ఇచ్చే ముందు మీ ఇష్టమే. పెట్స్ ఉన్నవాళ్లకు ఇచ్చి తీరాలని మన దగ్గర చట్టం లేదు. కానీ అగ్రిమెంట్‌లో ఒక్క ముక్క రాయకుండా ఇల్లిచ్చేసి, మూడో నెలలో ‘కుక్కను పంపించెయ్యండి’ అంటే మాత్రం మీ వాదనకు బలం ఉండదు. వాళ్లు భయపడి దాన్ని రోడ్డు మీద వదిలేస్తే అది ఇంకా ఘోరం. పెంచినదాన్ని అలా వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అందుకే ఏ మాటైనా తాళాలు ఇవ్వకముందే అయిపోవాలి.

ఇంగ్లండ్‌లో ఇది మారింది. అక్కడ 2025లో వచ్చిన చట్టం అద్దెకుండేవాళ్లకు పెంపుడు జంతువు కోసం ఓనర్‌ను రాతపూర్వకంగా అడిగే హక్కు ఇచ్చింది, సరైన కారణం లేకుండా ఓనర్ కాదనకూడదు. అమెరికాలో ఇంకో పద్ధతి. డల్లాస్‌లో ఉండే మా చెల్లెలి కూతురు తన పిల్లికి నెలనెలా ‘పెట్ రెంట్’ కడుతుంది. పిల్లికి అద్దేమిటని మా చెల్లెలు ఇప్పటికీ నవ్వుతుంది.

మీ బ్రోకర్ చెప్పిన మూడువేలు ఆ డల్లాస్ పద్ధతే. నేను ఒకసారి చేసి చూశాను, నెలకు వెయ్యి తీసుకున్నాను. మెష్ తలుపు చిరిగిందని అడిగితే, ‘దానికేగా ఆంటీ నెలకు వెయ్యి కడుతున్నాం’ అన్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే న్యాయమే, చింపే హక్కు నేనే అమ్మాను. అప్పటి నుంచి నెలవారీ అదనం మానేసి, అడ్వాన్స్‌లోనే మామూలు రెండు నెలలకు తోడు ఇంకో నెల తీసుకుంటున్నాను. ఖాళీ చేసేటప్పుడు నష్టం ఉంటే బిల్లు చూపించి అంతే పట్టుకుంటాను, లేకపోతే మొత్తం తిరిగిస్తాను. తిరిగొచ్చే డబ్బు కాబట్టి వాళ్లే జాగ్రత్తగా ఉంటారు. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టం ఇళ్లకు రెండు నెలల అడ్వాన్స్ చాలంటుంది. అయితే అది నమూనా, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. మీ అగ్రిమెంట్ రాసే లాయర్‌ను ఇప్పుడు మన దగ్గర పరిస్థితేమిటో అడిగాకే ఆ మూడో నెల అడగండి.

డబ్బు లెక్కే చూసుకుందాం. మా రెండో అంతస్తు అద్దె పదహారు వేలు. ఒకళ్లు ఖాళీ చేసి ఇంకొకళ్లు చేరేలోపు కనీసం నెల పోతుంది. పెయింటింగ్ ఇరవై వేలు. కుళాయిలు, గీజరు, చిల్లర మల్లర కలిపితే మనిషి మారిన ప్రతిసారీ నాకు నలభై వేల దాకా వదులుతుంది. ఒక గోల్డెన్ రిట్రీవర్‌తో వచ్చిన కుటుంబం ఆరున్నరేళ్లు ఉన్నారు. అదే కాలంలో ఎదురు పోర్షన్‌లో నలుగురు మారారు. కుక్క ఉన్నవాళ్లకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో వాళ్లకు తెలుసు, అందుకే దొరికిన ఇల్లు తొందరగా వదలరు. మా గోడలకు ఇన్నేళ్లలో పెద్ద నష్టం చేసింది కూడా కుక్కలు కాదు. టీవీ బిగించడానికి పదహారు కన్నాలు కొట్టిన ఒక పెద్దమనిషి.

అలాగని నష్టమే ఉండదని చెప్పను. నాకు జరిగినవాటిలో పెద్దది గోమార్లు, అదే టిక్స్. ఓనర్లు దీని గురించి అస్సలు ఆలోచించరు, అందరూ గీతలూ మరకలూ అంటారు. ఒక మంచి కుటుంబం, శుభ్రంగా ఉండే కుక్క, ఇల్లు అద్దంలా తుడిచి ఖాళీ చేశారు. మూడు వారాల తర్వాత చంటిపిల్లతో వేరేవాళ్లు చేరారు. చేరిన నాలుగో రోజు ఆ అమ్మాయి ఫోన్ చేసి ఏడుపు గొంతుతో, గోడ మీద ఏవో పాకుతున్నాయంది. వెళ్లి చూస్తే స్విచ్ బోర్డు పక్క నుంచి వరసగా పైకి ఎక్కుతున్నాయి.

పశువుల డాక్టర్‌ను అడిగితే అప్పుడు తెలిసింది. కుక్కలకు పట్టే ఈ గోమారి రక్తం తాగాక కుక్క మీద ఉండదు, కిందికి దిగి ద్వారబంధం సందుల్లో, గోడ బీటల్లో, స్కర్టింగ్ వెనక దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. కుక్క వెళ్లిపోయినా అవి ఇంట్లోనే కాచుకుని ఉంటాయి. ఒకసారి మందు కొడితే పాకేవి చస్తాయి గానీ గుడ్లు చావవు. రెండు వారాల తేడాతో మళ్లీ కొట్టించాలి. నేను రెండుసార్లు కొట్టించి, ఆ చంటిపిల్ల వాళ్లకు సగం నెల అద్దె వదిలేసి, వాళ్లమ్మ దగ్గర చెడ్డపేరు తెచ్చుకున్నాను. అప్పటి నుంచి కుక్క ఉన్నవాళ్ల అగ్రిమెంట్‌లో, ఖాళీ చేసేటప్పుడు టిక్స్‌కు పెస్ట్ కంట్రోల్ చేయించి రసీదు ఇవ్వాలని రాయిస్తున్నాను. తాళాలు తీసుకునే రోజు టార్చిలైటుతో ద్వారబంధాలు నేనే చూస్తాను. ఇంకో సంగతి, తర్వాత చేరేవాళ్లకు పిల్లి ఉంటే మందు కొట్టేవాడికి ముందే చెప్పండి. టిక్స్‌కు వాడే పర్‌మెత్రిన్ పిల్లులకు విషం.

మరకల విషయంలో నేనే ఒక తప్పు చేశాను. మొదటి అంతస్తు హాల్లో మావగారు ముచ్చటపడి వేయించిన తెల్ల మార్బుల్ ఉంది. ఒక బీగిల్ ఉన్నవాళ్లు ఖాళీ చేశాక చూస్తే మెరుపు పోయి చారికలు. కుక్క పనేనని పాలిషింగ్ కింద తొమ్మిది వేలు పట్టుకున్నాను. వాళ్లు వాదించలేదు, మొహాలు మాత్రం చిన్నబుచ్చుకున్నారు. రెండేళ్ల తర్వాత వేరే పని మీద వచ్చిన పాలిష్ మేస్త్రీ వంగి చూసి, ‘ఇది యాసిడ్ అమ్మా, బాత్రూమ్ గుమ్మం నుంచే కారింది చూడండి’ అన్నాడు. పనమ్మాయి బాత్రూమ్ యాసిడ్‌తో కడిగి ఆ నీళ్లు హాల్లోకి తోసేది. ఆ తొమ్మిది వేలు వెనక్కి పంపాను, ఆలస్యంగా. కుక్క పాసు కూడా మార్బుల్ మీద ఎక్కువసేపు నిలిస్తే మరక పడుతుంది, కానీ వెంటనే తుడిస్తే ఏమీ కాదు. మీ పై పోర్షన్‌లో విట్రిఫైడ్ టైల్స్ అయితే బెంగే లేదు, టైల్స్ మధ్య సందుల్లో వాసన పట్టకుండా చూసుకుంటే చాలు. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడొద్దని వాళ్లకు చెప్పండి. ఆ వాసన కుక్కకు పాసులాగే అనిపించి మళ్లీ అక్కడికే వెళ్తుంది. పెంపుడు జంతువుల కోసమే ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి. ఇలాంటి తగాదాలు రాకూడదంటే, చేరే రోజున ప్రతి గదీ, ప్రతి తలుపు కింది భాగం, మెష్‌లు, నేల వీడియో తీసి వాళ్లకూ పంపండి. నాకు అప్పుడు ఆ వీడియో ఉంటే తొమ్మిది వేల పరువు దక్కేది.

ఇక అసలు విషయం, వాళ్ల దినచర్య. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ అన్నారు. వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు వెళ్తారు? ఉప్పల్ నుంచి గచ్చిబౌలి వెళ్లి వచ్చేవాళ్లయితే పొద్దున ఎనిమిదిన్నరకు తాళం వేస్తే రాత్రి ఎనిమిదే. పన్నెండు గంటలు ఒంటరిగా ఉన్న కుక్క ఏం చేస్తుంది? మొరుగుతుంది, ఏడుస్తుంది, తలుపు గీరుతుంది. అది చెడ్డ కుక్క అవ్వనక్కర్లేదు. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. కింద నైట్ డ్యూటీ చేసే నర్సమ్మాయి పగలు పడుకోవాలి, పైన లాబ్రడార్ పగలంతా ఏడవాలి. కుక్క వాళ్లకు ఆ సంగతే తెలియదు, ఇంటికి వచ్చేసరికి అది తోకూపుతూ ఎదురొచ్చేది. నేను ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే ఆ కుక్కను పెంచే అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత మధ్యాహ్నం ఒక కుర్రాడు వచ్చి తిప్పేలా ఏర్పాటు చేసుకున్నారు. సగం తగ్గింది. పూర్తిగా తగ్గలేదు, అగ్రిమెంట్ అయ్యాక వాళ్లే వేరే ఇల్లు చూసుకున్నారు. నర్సమ్మాయి ఇంకా మా దగ్గరే ఉంది.

అందుకని అడగాల్సింది ‘కరుస్తుందా, మొరుగుతుందా’ అని కాదు. దానికి అందరూ ‘అబ్బే, అసలు మొరగదండీ’ అనే అంటారు. ఆ మాట అన్నవాళ్లను నేను ఇంకొంచెం అనుమానంగా చూస్తాను. పగలు దాని దగ్గర ఎవరుంటారు, సంక్రాంతికి ఊరెళ్తే ఎక్కడ ఉంచుతారు, రోజుకు ఎన్నిసార్లు తిప్పుతారు, ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు అని అడగండి. ఆలోచించకుండా జవాబు చెప్పగలిగితే దాన్ని బాగా చూసుకుంటున్నట్టే. టీకాల పుస్తకం చూపించమనండి. ఏటా వేయాల్సిన రేబిస్ టీకా తేదీ చూడండి. ఇందులో మొహమాటం వద్దు, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. టీకా వేసిన కుక్క గీరినా, కరిచినా సబ్బుతో పావుగంట ధారగా కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, ఇది మీ అత్తగారికీ చెప్పి ఉంచండి. కార్పొరేషన్ దగ్గర కుక్కకు లైసెన్స్ ఉండాలి, దాని కాపీ తీసుకోండి. కుక్క ఎవరినైనా కరిస్తే బాధ్యత ఇంటి ఓనర్ మీద పడుతుందేమో అని కొందరు టెన్షన్ పడతారు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ జంతువు ఎవరి దగ్గరుందో వాళ్ల నిర్లక్ష్యం గురించి మాట్లాడుతుంది. అయినా ‘కుక్క వల్ల జరిగే దేనికైనా పూర్తి బాధ్యత అద్దెదారుదే’ అని ఒక వాక్యం రాయించుకోవడంలో తప్పులేదు.

జాతిని బట్టి కాదనకండి. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులు ప్రమాదకరమని ఒక లేఖ ఇచ్చింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. వయసు చూడండి. మూడేళ్ల లాబ్రడార్ అంటే పళ్లు వచ్చే కాలం దాటిపోయింది, అది మీ అదృష్టం. నాలుగైదు నెలల పిల్లకైతే పళ్ల దురదకు తలుపు అంచు, సోఫా కాలు, స్విచ్ వైరు అన్నీ ఒకటే.

నేనే కాదన్నవాళ్లూ ఉన్నారు. ఒకాయన రెండు ఆడ షిట్జూ కుక్కలతో వచ్చాడు. మాటల్లో వాటి పిల్లలు ఎంతకు అమ్ముడుపోతాయో చెప్పేశాడు. అది పెంపకం కాదు, వ్యాపారం. 2017 నుంచి బ్రీడింగ్‌కు రిజిస్ట్రేషన్ కావాలి, అద్దె పోర్షన్‌లో కుదరదన్నాను. ఇంకొకరు పంజరంలో రామచిలుకతో వచ్చారు. చూడముచ్చటగానే ఉంది, కానీ మన దేశపు చిలుకల్ని పంజరంలో పెంచడం వన్యప్రాణుల చట్టం ఒప్పుకోదు. పిల్లి ఉన్నవాళ్లకు పై అంతస్తు ఇస్తే బాల్కనీకి వల కట్టించుకుంటేనే ఇస్తాను. చేపల తొట్టి చాలామంది లెక్కలోకే తీసుకోరు, రెండువందల లీటర్ల తొట్టి అంటే నీళ్లే రెండువందల కిలోలు.

మీరు చేయాల్సింది ఇది. వాళ్లు ఇప్పుడుంటున్న ఇంటికి ఒక సాయంత్రం వెళ్లండి. తలుపు తీయగానే వాసన వస్తుందా, తలుపు లోపలి వైపు గీతలున్నాయా, కుక్క పిలిస్తే ఆగుతుందా చూడండి. దిగేటప్పుడు పక్కింటివాళ్లను ఒక్క ప్రశ్న అడగండి, పగలు ఏడుస్తుందా అని. అక్కడి ఓనర్ ఎందుకు ఖాళీ చేయిస్తున్నాడో తెలుసుకోండి. అంతా బాగుంటే 11 నెలల అగ్రిమెంట్‌లో ఈ ఒక్క కుక్కకే అనుమతి అని దాని పేరు, వయసు, లైసెన్స్ నంబరుతో సహా రాయించండి. ఇంకోటి తేవాలంటే మళ్లీ అడగాలి. మెట్ల మీద, గేటు దగ్గర బెల్ట్ తప్పనిసరి. దొడ్డికి వెళ్తే వాళ్లే ఎత్తాలి, మీ గేటు ముందైనా, పక్కవాళ్ల గేటు ముందైనా. మొరుగుడు మీద ఫిర్యాదు వస్తే నెల రోజుల్లో ఏదో ఒక ఏర్పాటు చేసుకోవాలి.

సంతకాలకు ముందు ఆదివారం ఆ కుక్కను ఒకసారి మీ ఇంటికి తీసుకురమ్మనండి. అత్తగారు కుర్చీలో కూర్చుని ఉండగా, బెల్ట్ పట్టుకుని, దూరం నుంచే. ఆవిడ అప్పటికీ వద్దంటే మానెయ్యండి, రోజూ ఆ మెట్ల కింద ఉండేది ఆవిడే. టులెట్ బోర్డు మాత్రం ఆ ఆదివారం అయ్యేదాకా తీయకండి.